కరపత్రం వెనుక వైపు చూశారా?

హిమాలయ యాత్రకు తోడు ఎవరో తేల్చుకునే వేళ...



మాఘం దాటి ఫాల్గుణం ప్రవేశించిందంటే మా ఉప్పాడలో ఇంటింటికీ రెండు రకాల కరపత్రాలు చేరతాయి. ఒకటి పెళ్లి చీరల దుకాణాలవి. రెండోవి ఉత్తరదేశ యాత్రలవి. చార్‌ధామ్, అమర్‌నాథ్, ముక్తినాథ్, కైలాస మానససరోవరం అంటూ రంగురంగుల బొమ్మలతో వస్తాయి. అక్షయ తృతీయ నాటికి గంగోత్రి, యమునోత్రి ఆలయ ద్వారాలు తెరుచుకుంటాయి గనుక రెండు నెలల ముందే బేరసారాలు మొదలవుతాయి.

ఈమధ్య ఒక కుటుంబం అటువంటి కరపత్రాలు నాలుగు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. భర్తకు అరవై ఐదేళ్లు. గుండెకు స్టెంటు వేశారు. భార్య మనసంతా కేదారనాథుని మీదే ఉంది.

"పంతులుగారూ, నాలుగు ట్రావెల్స్ వారివీ తెచ్చామండి. ఢిల్లీ నుంచి ఢిల్లీకి ఒకరు తొమ్మిది రోజులంటున్నారు, ఇంకొకరు పదమూడంటున్నారు. తొమ్మిది రోజులవారికే డబ్బు తక్కువ. పైగా వంటవాళ్లను తీసుకొచ్చి మన భోజనమే పెడతారట. వీటిలో ఏది మంచిదో చెప్పి, బయలుదేరడానికి ముహూర్తం పెట్టండి" అన్నది ఆ ఇల్లాలు.

"అమ్మా, ముహూర్తం తరువాత చూద్దాం. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో ఈ నాలుగింటిలో ఎవరు రాశారో ముందు చూడండి" అన్నాను. నాలుగు కాగితాలూ తిరగేశారు. ఒక్కదానిలో మాత్రమే ఉంది. అది పదమూడు రోజులవారిది.

మన ఊరి జమ్దానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ నేతలో పువ్వు లోపలా వెలుపలా ఒకే తీరుగా కనిపిస్తుంది. అందుకే చీర కొనే ఇల్లాలు ముందు దానిని తిరగేసి వెనుక వైపు చూస్తుంది, ఆ తరువాతే ధర అడుగుతుంది. అంత జాగ్రత్త గల మనం, ప్రాణాన్ని మరొకరి చేతిలో పెట్టి కొండ ఎక్కే ప్రయాణానికి మాత్రం కాగితం ముందు వైపు బొమ్మ చూసి అడ్వాన్సు కట్టేస్తున్నాం. నేటి యాత్రల తీరు చూస్తుంటే ఈ విషయాన్ని పాఠకులతో వివరంగా ముచ్చటించాలనిపించింది.

తగ్గిన రోజులు ఎక్కడ తగ్గాయి?

ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మదరాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణమే 'కాశీయాత్ర చరిత్ర'గా మనకు మిగిలింది. కాశీకి వెళ్లినవాడు కాటికి వెళ్లినవాడితో సమానమనే సామెత ఆ కాలానిదే. తిరిగి వస్తామన్న నమ్మకం లేదు గనుక అప్పులు తీర్చుకుని, అందరి వద్దా సెలవు పుచ్చుకుని వెళ్లేవారు. ఇప్పుడు రైళ్లు, విమానాలు వచ్చి ఆ భయం పోయింది. చాలా మంచిదే. అయితే భయంతోపాటు జాగ్రత్త కూడా పోయింది. అదే చిక్కు.

పదమూడు రోజుల యాత్రను తొమ్మిది రోజులకు కుదించినవారు దారి దూరాన్ని తగ్గించలేరు. గౌరీకుండం నుంచి కేదారనాథానికి కాలిబాట 16 కిలోమీటర్లు. ఎవరు తీసుకువెళ్లినా అంతే. మరి ఆ నాలుగు రోజులు ఎక్కడ తగ్గాయి? మధ్యలో ఆగవలసిన మజిలీలలో, విశ్రాంతిలో, నిద్రలో తగ్గాయి. కరపత్రం మీద చవకగా కనిపించే సొమ్ము అక్కడి నుంచే మిగులుతుంది.

మనవారు అడిగే ప్రశ్నలు కూడా నేను చాలాసార్లు విన్నాను. పెరుగు ఉంటుందా, కాఫీ ఎన్నిసార్లు ఇస్తారు, గదిలో వేడినీళ్లు వస్తాయా అంటారు. ఊపిరి అందకపోతే ఎవరు చూస్తారని అడిగినవారు నాకు తటస్థపడలేదు.

సముద్రతీరం నుంచి హిమగిరికి

మనం పుట్టి పెరిగినది కడలి ఒడ్డున. కేదారక్షేత్రం 3,583 మీటర్ల ఎత్తున ఉంది. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. కైలాస పరిక్రమలో దాటవలసిన డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైమాటే. కేదారం వద్ద గాలి ఒత్తిడి మన తీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. డోల్మా కనుమ వద్ద సగానికి పడిపోతుంది. ఒక్క ఊపిరిలో దేహానికి అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకే తగ్గుతుంది.

దేహం ఈ మార్పునకు అలవాటుపడగలదు. దానికి కావలసినది వ్యవధి. 3,000 మీటర్లు దాటిన తరువాత, రాత్రి నిద్రించే చోటు ముందు రోజుకంటే 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదనీ, మూడు నాలుగు రోజులకు ఒక రోజు అదే ఎత్తున ఆగి విశ్రమించాలనీ పర్వతవైద్యం తెలిసినవారు చెబుతారు. అలా ఆగనివారిలో కొందరికి ముందు తలనొప్పి, వికారం కలుగుతాయి. అవి ముదిరితే కూర్చున్నా ఆయాసం తగ్గదు, అడుగు తడబడుతుంది, మాట పొంతన తప్పుతుంది. అప్పుడు వెంటనే కిందికి దింపాలి. ప్రాణవాయువు సిలిండరు, మందులు సహాయం చేస్తాయి గానీ, వాటిని నమ్ముకుని దించడం ఆలస్యం చేయరాదు. బలవంతులకు రాదనీ, భక్తులకు రాదనీ నియమం లేదు. 2022 యాత్రాకాలంలో అనారోగ్య కారణాలతో చార్‌ధామ్ మార్గంలో ప్రాణాలు విడిచిన యాత్రికులు 200 మందికి పైగానే ఉన్నారు.

సోన్‌ప్రయాగ నుంచి కేదారనాథానికి 12.9 కిలోమీటర్ల రోప్‌వే నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో ఆమోదం తెలిపింది. ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం 36 నిమిషాలకు తగ్గుతుందని ప్రకటించారు. నడవలేని వృద్ధులకు అది వరమే. కానీ 36 నిమిషాలలో కుర్చీ పైకి చేరుతుంది, ఊపిరితిత్తులు చేరవు. హెలికాప్టరుకూ ఇదే వర్తిస్తుంది. దానిలో మరో ప్రమాదమూ ఉంది. 2025 మే 8న ఉత్తరకాశీ జిల్లా గంగ్‌నాని సమీపంలో ఒక హెలికాప్టరు కూలి ఆరుగురు, జూన్ 15న గౌరీకుండం సమీపంలో మరొకటి కూలి ఏడుగురు మరణించారు.

భారతం చూపిన బాట

ఇదంతా నేటి వైద్యుల మాట, మన పురాణాలకు ఏమి సంబంధమని అనుకోకండి. కొండ దారిలో తోడు తీసుకువెళ్లేవాడు ఎలా ఉండాలో మహాభారతం అరణ్యపర్వం విస్తారంగా చెప్పింది.

అర్జునుడు అస్త్రాల కోసం ఇంద్రలోకానికి వెళ్లిన కాలంలో పాండవులు రోమశ మహర్షి వెంట తీర్థయాత్రకు బయలుదేరారు. అంతకుముందే ఆ తీర్థాలను రెండుసార్లు చూసి వచ్చిన మహర్షి ఆయన. ఆయన ధర్మరాజుకు చెప్పిన మాట, పరివారాన్ని తగ్గించుకుని తేలికగా బయలుదేరమని. ధర్మరాజు వెంటనే ఆ మాట పాటించాడు. ఆకలిదప్పులకు, దారి శ్రమకు, చలికి ఓర్వలేనివారినీ, రుచులు కోరి వంటవాళ్ల వెంట నడిచేవారినీ గౌరవంగా వెనుకకు పంపించాడు. వారి పోషణ గడిచే మార్గమూ చూపాడు. 'మన భోజనమే పెడతారట' అని మురిసిపోయే మనం ఈ ఘట్టాన్ని ఒకసారి తలుచుకోవాలి.

గంధమాదన పర్వతం దగ్గరపడినప్పుడు ధర్మరాజు భీమునితో మరో మాట అన్నాడు. ద్రౌపదిని, సహదేవుని, పరివారాన్ని తీసుకుని గంగాద్వారంలో ఆగిపొమ్మనీ, తాను నకులునితో, రోమశునితో కలిసి వెళ్లివస్తాననీ చెప్పాడు. ఆ గంగాద్వారమే నేటి హరిద్వారం. ద్రౌపది వెనుదిరగలేదు. భీముడు తాను మోసుకువస్తానన్నాడు. రథాలను, సేవకులను, వంటవారిని కులిందరాజైన సుబాహుని వద్ద విడిచి అందరూ కాలినడకన సాగారు. దారిలో పెనుగాలి లేచింది, రాళ్లతో కూడిన వాన కురిసింది. చెట్ల మాటున తలదాచుకున్నారు. వాన వెలిశాక క్రోశెడు దూరం నడిచారో లేదో ద్రౌపది సొమ్మసిల్లి పడిపోయింది. భీముడు తలచుకోగానే ఘటోత్కచుడు అనుచరులతో వచ్చి వారందరినీ బదరికాశ్రమానికి మోసుకుపోయాడు.

అగ్నిసంభవ అయిన ద్రౌపదికే కొండ గాలి పడలేదు. అందులో ఆమె భక్తికి లోపమేమీ లేదు. ఆమె వెంట భర్తలున్నారు, మహర్షి ఉన్నాడు, పిలిస్తే పలికే ఘటోత్కచుడున్నాడు. మన వెంట ఎవరున్నారు? కరపత్రాలు చేతిలో ఉన్నప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

అదే పర్వంలో యక్షుడు ధర్మరాజును మిత్రులను గురించి అడిగాడు. ప్రయాణంలో ఉన్నవానికి తోటి బృందమే మిత్రుడనీ, రోగికి వైద్యుడే మిత్రుడనీ ధర్మరాజు బదులిచ్చాడు. కొండ దారిలో ఈ ఇద్దరు మిత్రులూ ఒకేచోట ఉండాలి. ఒకరు లేకపోతే రెండోవారు చాలరు.

ఇటీవలి అనుభవాలు

2013 జూన్ 16, 17 తేదీల కేదారనాథ్ ప్రళయాన్ని మరువలేం. వేలాదిమంది కొట్టుకుపోయారు. రోజుల తరబడి కబురు తెలియక మన తెలుగు కుటుంబాలు అల్లాడిపోయాయి. ఎవరు ఎక్కడున్నారో తెలిపే పట్టిక లేకపోవడం ఆనాటి పెద్ద లోపం. ఆ తరువాతనే యాత్రికుల నమోదు పటిష్ఠమైంది. ఈనాటికీ నమోదును వృథా తతంగమనుకుని, 'అక్కడ చూసుకుందాం' అనే నిర్వాహకులున్నారు. అటువంటివారిని నమ్మరాదు.

2018 జూలైలో నేపాల్ మార్గాన కైలాసం నుంచి తిరిగివస్తున్న 1,500 మందికి పైగా భారతీయులు వాతావరణం అనుకూలించక సిమికోట్, హిల్సా ప్రాంతాలలో, టిబెట్ వైపున చిక్కుకుపోయారు. వారిలో మనవారూ ఉన్నారు. నేపాల్ వైపు వైద్య వసతులు తక్కువ గనుక యాత్రికులను వీలైనంత వరకు టిబెట్ వైపే ఆపి ఉంచాలని మన విదేశాంగశాఖ అప్పుడు నిర్వాహకులను కోరవలసి వచ్చింది. 2022 జూలై 8న అమర్‌నాథ్ గుహ సమీపంలో ఒక్కసారిగా వరద వచ్చింది. నాటి మృతులలో మన రాజమహేంద్రవరం మహిళలు ఉన్నారు. 2025లో భారీ వర్షాలకు బాటలు దెబ్బతినడంతో ఆగస్టు 9 దాకా జరగవలసిన అమర్‌నాథ్ యాత్రను ఆగస్టు 3వ తేదీకే ముగించారు. దర్శనం కాకుండా వెనుదిరిగినవారు బాధపడి ఉంటారు. కానీ ఆపవలసినప్పుడు ఆపడమే పాలన.

కొండల దాకా ఎందుకు? 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్లిన పర్యాటకుల బోటు కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగిపోయింది. మా ఊరి జాలరి 'ఈరోజు సముద్రం బాగోలేదు' అంటే పడవ ఒడ్డునే ఉంటుంది. ఆ పూట కూలి పోయినా ఎవరూ తర్కించరు. నీటిమీదైనా, కొండమీదైనా 'నేడు వద్దు' అనగలిగినవాడే నిజమైన నాయకుడు.

ఐదేళ్ల విరామం తరువాత 2025లో కైలాస మానససరోవర యాత్రను కేంద్ర ప్రభుత్వం పునరుద్ధరించింది. లిపులేఖ్ మార్గాన ఐదు, నాథులా మార్గాన పది బృందాలు, ఒక్కొక్క బృందంలో 50 మంది చొప్పున అనుమతించారు. దానికి 70 ఏళ్లు దాటరాదు, బరువు ఎత్తుకు తగినట్టు ఉండాలి. ఢిల్లీలో వైద్య పరీక్షలు చేస్తారు, కొండ మీద మళ్లీ చేస్తారు. అక్కడ తప్పినవారు ఎంతటివారైనా వెనుకకు రావలసిందే. ప్రైవేటు యాత్రలలో సాధారణంగా లోపించేది ఈ రెండో పరీక్షే. సొమ్ము ముందే చేతికి అందాక, సగం దారిలో యాత్రికుని వెనుకకు పంపడానికి వ్యాపారికి మనసొప్పదు. మనసొప్పినవారి వెంటే మనం వెళ్లాలి.

ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకోవాలి. అమర్‌నాథ్ యాత్రకు వైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. తెలిసిన డాక్టరు చేత చూడకుండానే సంతకం పెట్టించుకుని వెళ్లేవారున్నారు. ఒక అసత్యం చేతబట్టుకుని పరమేశ్వరుని సన్నిధికి బయలుదేరడం ఏ శాస్త్రానికి సమ్మతం?

నేను చేసిన పొరపాటు

పరుల తప్పులు ఎంచేముందు నా తప్పు ఒప్పుకోవాలి. 2013 వరదలకు కొన్నేళ్ల ముందు మాట. ఒక యాత్రా నిర్వాహకుడు నా వద్దకు వచ్చి, ఇరవై మందిని చేర్చితే నా ప్రయాణం ఉచితమన్నాడు. క్షేత్రాలలో పూజలు చేయించడానికి పంతులు వెంట ఉంటే యాత్రికులకూ తృప్తి అన్నాడు. నాకూ కేదారేశ్వరుని చూడాలన్న ఆశ. ఇరవై మందినీ నేనే చేర్చాను. వారు నిర్వాహకుని ఎరుగరు, నన్ను ఎరుగుదురు.

కొండచరియ విరిగిపడి దారిలో ఒక రోజు పోయింది. ఆ రోజును సర్దడానికి, గుప్తకాశిలో ఆగవలసిన మజిలీ ఎత్తివేశారు. నేను అడ్డు చెప్పలేదు. ఉచితంగా వచ్చినవాడి నోరు అంత సులువుగా లేవదు. ఆ సాయంత్రానికే కేదారం చేరి అక్కడే నిద్రించాం. అర్ధరాత్రి మా బృందంలో నేతపని చేసే ఒక పెద్దాయనకు ఆయాసం మొదలైంది. కాసేపటికి కొడుకును గుర్తుపట్టడం మానేశాడు. 'అలసట, తెల్లవారితే తగ్గుతుంది' అన్నాడు మేనేజరు. పక్క సత్రంలో ఉన్న కండీ మోసే పహాడీ ముసలివాడొకడు చూసి, తెల్లవారేదాకా ఆగవద్దన్నాడు. చీకటిలో, మంచులో అతడూ మరో ఇద్దరూ ఆయనను వీపుమీద మోసి దించారు. రామ్‌బాడా చేరేసరికి మాట తెలివి వచ్చింది. ఆయన మరి పదేళ్లు జీవించాడు. ఆ రామ్‌బాడా మజిలీ 2013 వరదలో ఆనవాలు లేకుండా పోయింది.

ఆ రాత్రి మేనేజరును తప్పుపట్టినంత సులువుగా నన్ను నేను తప్పుపట్టుకోలేకపోయాను. దానికి చాలాకాలం పట్టింది. ఆనాటి నుంచి ఏ యాత్రకూ మనుషులను చేర్చలేదు, ఎవరి ఉచితమూ పుచ్చుకోలేదు. నావంటి అర్చకులకు కూడా ఇదే మనవి. మన మాట విని ఒక కుటుంబం ప్రయాణం కడితే, వారి క్షేమంలో మనకూ బాధ్యత ఉంటుంది.

అడ్వాన్సుకు ముందు అడగవలసినవి

నిర్వాహకులందరూ అత్యాశపరులు కారు. ఏళ్ల తరబడి నిష్ఠతో ముసలివారిని కంటికి రెప్పలా తీసుకువెళ్లి తీసుకువస్తున్నవారు మన జిల్లాలలోనే ఉన్నారు. వారిని గుర్తించడానికి ఈ ప్రశ్నలు ఉపకరిస్తాయి.

ఒకటి: ఏ రాత్రి ఏ ఊళ్లో, ఎంత ఎత్తున బస? అది కాగితం మీద రాసి ఇస్తారా?

రెండు: దారి మూసుకుపోతే వాడుకోవడానికి అదనపు రోజులున్నాయా? లేకపోతే ఏ క్షేత్రం వదిలిపెడతారు?

మూడు: ఎవరికైనా జబ్బు చేస్తే వారిని దింపాలని నిర్ణయించేది ఎవరు? వారి వెంట ఎవరు దిగుతారు? ఆ ఖర్చు ఎవరిది?

నాలుగు: యాభై మందికి నడిపించేవారు ఎందరు? వారిలో ఆ కొండ ఎరిగినవారు, స్థానికులు ఎందరు?

ఐదు: ప్రభుత్వ నమోదు ఎవరి పేరున, ఎప్పుడు చేస్తారు? హెలికాప్టరు టిక్కెట్టు అయితే ఐఆర్‌సీటీసీ ద్వారానే కొంటారా? నకిలీ వెబ్‌సైట్లలో సొమ్ము పోగొట్టుకున్నవారు అనేకులు.

ఆరు: మధ్యలో వెనుదిరిగితే ఎంత తిరిగి ఇస్తారు? కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా? రసీదు, మజిలీల కాగితం దగ్గర ఉంటే, మాట తప్పినవారిపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం మార్గం చెబుతుంది.

ఈ ప్రశ్నలకు విసుక్కునేవారిని వదిలివేయండి. 'దర్శనం గ్యారంటీ' అని రాసినవారిని ముందుగా వదిలివేయండి. కేదారుని దర్శనానికి పూచీ ఇవ్వగల అధికారం కేదారునికే ఉంది.

వెళ్లలేనివారి మాట

తీర్థఫలం ఎవరికి దక్కుతుందో పులస్త్య మహర్షి భీష్మునికి చెప్పాడు. చేతులను, కాళ్లను, మనసును అదుపులో ఉంచుకున్నవానికే అది దక్కుతుంది. చేరరాని తీర్థాలను మనసుతో దర్శించవచ్చుననీ ఆయనే అన్నాడు. కాళ్లను అదుపులో ఉంచుకోవడమంటే, ఆగమన్నచోట ఆగగలగడం కూడా. వైద్యుడు వద్దన్నప్పుడు ఇంట్లోనే పార్థివ లింగాన్ని అర్చించి కేదారాన్ని తలచినవాడు కొండ ఎక్కినవానికి తీసిపోడు. మనకు కూతవేటు దూరంలో పిఠాపురంలో పాదగయ ఉంది. కుక్కుటేశ్వరుడు, పురుహూతికా అమ్మవారు కొలువై ఉన్నారు.

ఆ కుటుంబం వారం తరువాత మళ్లీ వచ్చింది. గుండె వైద్యుడు ఆయనను కేదారం వెళ్లవద్దన్నాడట. ఆ ఇల్లాలు కంటతడి పెట్టుకుని, 'ఆయన లేకుండా నేనెలా వెళ్లేదండీ' అన్నది. ధర్మరాజు గంగాద్వారం మాట ఆమెకు చెప్పాను. ఆ దంపతులు ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. చివరకు పదమూడు రోజులవారితో మాట్లాడి, ఆయన హరిద్వారంలోని సత్రంలో ఉండి ప్రతి సాయంత్రం గంగాహారతి చూసేట్టు, ఆమె కొడుకుతో కలిసి పైకి వెళ్లేట్టు ఏర్పాటు చేసుకున్నారు. కేదారానికి ముందు రెండు రాత్రులు ఆగుతామని ఆ నిర్వాహకుడు కాగితం మీద రాసి సంతకం చేశాడు. ఆ కాగితం చూశాకే ముహూర్తం పెట్టాను.

తిథి, వార, నక్షత్రాలు చూసి ముహూర్తం పెట్టడం నావంటివారి పని. మీ దేహం ఆ కొండను ఓర్చుకోగలదో లేదో పంచాంగం చెప్పదు, వైద్యుడు చెబుతాడు. ముందు ఆయన వద్దకు వెళ్లి రండి. ఆపైన కరపత్రం తిరగేసి చూడండి. పంతులుగారి వద్దకు ఆఖరున రండి.

యాత్ర తలపెట్టిన ప్రతి కుటుంబమూ వెళ్లినట్టే క్షేమంగా ఇల్లు చేరాలని ఆ కేదారేశ్వరుని ప్రార్థిస్తున్నాను.

శుభం భూయాత్.